ఛోటా ఆపరేషన్, బడీ జిమ్మేదారీ

"ఛోటా ఆపరేషన్ హై జీ, ఫికర్ నక్కో కరో." నంద్యాలలోనైనా ఆళ్ళగడ్డలోనైనా, పసిబిడ్డ తలకు ఆపరేషన్ పడిందని తెలిసిన ఇంటికి పలకరించడానికి పోయినవాళ్ళంతా చెప్పే దిలాసా ఇది. డాక్టర్లూ ఇదే మాట అంటారు. వాళ్ళ హిసాబులో అది నిజమే. మెదడులో గడ్డ తీయడానికి పొద్దంతా పట్టే చోట, తలలో చేరిన నీటిని కడుపులోకి మళ్ళించే గొట్టం వేయడానికి గంటో గంటన్నరో చాలు. మిద్దె మీద నుంచి పడ్డ పిల్లోడి పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోతే ఎత్తి సరిచేయడం, నెత్తి మీద పుట్టుకతో వచ్చిన చిన్న కాయ తీసేయడం, ఇవి కూడా సర్జన్ లెక్కలో చిన్నవే. నా తక్రార్ ఆ లెక్కతో లేదు. ఆ "చిన్నది" అన్న లఫ్జ్ థియేటర్ గడప దాటి ఇంటికొచ్చేసరికి దాని మత్లబ్ మారిపోతోంది. అమ్మీ అబ్బాల చెవికి అది "ఇక అయిపోయింది" అని వినబడుతోంది. వాళ్ళ నౌకరీ అప్పుడే మొదలవుతుందని చెప్పే నాథుడు లేడు.

గొట్టం సంగతే తీసుకుందాం, ఎందుకంటే ఈ చిన్న ఆపరేషన్లలో ఇంటివాళ్ళ మీద జిందగీ పొడుగునా బరువు వేసేది అదే. మన తలలో మెదడు చుట్టూ, లోపలి గదుల్లో నీళ్ళలాంటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. పెద్దవాళ్ళలో ఏ వేళ చూసినా 150 మిల్లీలీటర్లు ఉంటుంది. కానీ రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది. అంటే పాతది ఎప్పటికప్పుడు ఇంకిపోవాలి. ఆ దారి ఎక్కడైనా మూసుకుపోతే నీరు నిలబడుతుంది, పసిబిడ్డ తల ఉబ్బుతుంది. కొందరికి పుట్టుకతో, కొందరికి వెన్నులో పుండుతో పుట్టడం వల్ల, కొందరికి మెదడు పొరలకు టీబీ వచ్చి, కొందరికి నెలలు నిండక ముందే పుట్టి లోపల రక్తం కారడం వల్ల. ఇలాజ్ ఏమిటంటే చెవి వెనక నుంచి, మెడ చర్మం కింద నుంచి, రొమ్ము మీదుగా కడుపులోకి ఒక సన్నని గొట్టం. దాన్ని షంట్ అంటారు. మధ్యలో ఒక కవాటం. నీరు ఒకే వైపు పోవాలి, మరీ జోరుగా పోకూడదు.

ఇక్కడ ఒక కిస్సా చెప్పక తప్పదు. 1950లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే ఆయన తాళాల కంపెనీలో మెకానిక్. కొడుకు కేసీ వెన్నులో లోపంతో పుట్టాడు, తలలో నీరు చేరింది. అప్పట్లో గొట్టాలు పదేపదే మూసుకుపోయేవి. కవాటం దగ్గరే చిక్కు అని సర్జన్ స్పిట్జ్ ఆయనకు విప్పి చెప్పాడు. ఆ బాప్ ఇంటికెళ్ళి కవాటం తయారు చేశాడు. 1956లో పుట్టిన ఆ స్పిట్జ్-హోల్టర్ కవాటం ఆ తర్వాత వేలమంది పిల్లలకు వేశారు. "పేరెంట్స్‌కి చెప్పినా అర్థం కాదండీ" అనే మాట నేను ఎప్పుడు విన్నా నాకు ఈ తాళాల మెకానిక్ యాద్ కొస్తాడు. ఆయన డాక్టరీ చదవలేదు. ఎవరో కూర్చోబెట్టి చెప్పారు, అంతే.

మన దగ్గర చెప్పేది ఎవరు? ఎప్పుడు? ఏ జబాన్‌లో?

మా బంధువుల్లో ఒక పిల్లోడి హాల్ చెబుతాను. ఊరు ఆళ్ళగడ్డ పక్కన. అబ్బా గల్ఫ్‌లో డ్రైవర్. వాడికి మూడో నెలలో ఒక పెద్ద ఊళ్ళో షంట్ వేశారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది, అందులో అబద్ధం లేదు. ఆరో రోజు డిశ్చార్జి. చేతిలో మూడు పేజీల కాగితం. సరిగ్గా నాలుగు నెలలకు పిల్లోడు పాలు కక్కడం మొదలుపెట్టాడు. పళ్ళొస్తున్నాయని నానీ అంది. నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు దిగదీశారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు వాంతులు కట్టే సూది వేశాడు, ఆ పూట కక్కడం తగ్గింది కూడా. పిల్లోడు నిద్రలోనే ఉంటున్నాడు, చలో ఆరామ్‌గా పడుకున్నాడు అనుకున్నారు. మూడో రోజు కళ్ళు కిందికి వాలిపోయి, నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనబడేసరికి భయపడి 108 పిలిచారు. గొట్టం మూసుకుపోయింది. మళ్ళీ ఆపరేషన్ చేసి మార్చారు. అల్లాహ్ కా షుకర్, బతికాడు. చూపు మాత్రం సగమే మిగిలింది.

ఆ మూడు పేజీల కాగితం నేను తీసి చదివాను. చివరి పేజీలో, కింద నుంచి రెండో లైనులో, వాంతులు, మత్తు, జ్వరం, ఫిట్స్ ఏది కనబడినా ఆలస్యం చేయకుండా రావాలని ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఆ అమ్మీకి తెలుగు చదవడం వస్తుంది, ఉర్దూలో ఖురాన్ తర్జుమా చదువుతుంది. ఇంగ్లీషు రాదు. కాగితం మీద ఆసుపత్రి తన ఫర్జ్ అదా చేసేసింది. అదాలత్‌కు పోతే వాళ్ళే గెలుస్తారు.

షంట్ చెడిపోవడం ఎక్కడో లక్షకొకరికి వచ్చే ముసీబత్ అయితే ఇంత రాసేవాణ్ణి కాను. ప్రపంచంలో మంచి ఆసుపత్రుల లెక్కలు తీసినా, పిల్లలకు వేసిన ప్రతి పది షంట్‌లలో మూడో నాలుగో మొదటి ఏడాదిలోనే మూసుకుపోవడమో, కదిలిపోవడమో, ఇన్ఫెక్షన్ రావడమో జరుగుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది. అంటే ప్రమాదం వచ్చేటప్పుడు బిడ్డ వార్డులో ఉండడు. రుద్రవరం దగ్గర ఊళ్ళోనో, చాగలమర్రి గల్లీలోనో అమ్మ ఒళ్ళో ఉంటాడు. ఆ వేళకు ఆ ఇంట్లో ఉన్న నర్సు ఆ అమ్మే. ఆ నర్సుకు ట్రైనింగ్ ఎవరిచ్చారు?

వస్తువు కొరత అని కూడా అనలేం. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్ షాజహాన్‌పూర్‌లో ఛాబ్రా షంట్ తయారవుతోంది. బయటి దేశాల షంట్ ధరలో అది చిన్న హిస్సా మాత్రమే. ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ 195 మంది పిల్లల్లో ఖరీదైన షంట్‌నూ దీన్నీ పోల్చి చూసి, ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ ఫరక్ లేదని 2005లో రాశాడు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన గరీబు ఇళ్ళ పిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు అప్పుల్లేకుండా జరుగుతున్నాయి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది, మరుసటి ఏడాది ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరుచుకుంది. గొట్టం ఉంది, సర్కారీ డబ్బు ఉంది, కర్నూలు పెద్దాసుపత్రి 70 కిలోమీటర్లలో ఉంది. లేనిది ఆ అమ్మతో పావుగంట కూర్చునే మనిషి.

ఆ పావుగంటలో ఏం చెప్పాలి? పుస్తకంలో ఉన్నవన్నీ చెబితే ఎవరి బుర్రలోనూ నిలవదు. మన ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పాలి. ఆముదం సంగతి ముందు చెప్పాలి. రాయలసీమలో హిందూ ఇల్లు, ముస్లిం ఇల్లు అని లేదు, పసిబిడ్డ మాడు మీద ఆముదం అద్దని నానమ్మ ఉండదు. కుట్లు ఆరని తల మీద ఆ నూనె చేతులు పడకూడదు. పసుపు అద్దకూడదు. ఊద్ ధూపం, సాంబ్రాణి పొగ పుండు మీద పట్టకూడదు. "వద్దు" అని కసురుకుంటే దాదీ వినదు, రాత్రికి రాత్రి అద్దేస్తుంది. "పుండు మానాక, డాక్టరు సాబ్ సరే అన్నాక రాద్దురు గానీ దాదీ, అప్పటిదాకా కాళ్ళకూ వీపుకూ రాయండి" అంటే వింటుంది. ఆ మాట చెప్పాల్సిన తీరు నంద్యాలలో పుట్టిన సిస్టర్‌కు తెలిసినట్టు సూపరింటెండెంట్‌కు తెలియదు.

అఖీఖా ఇంకొక మస్లా. ఏడో రోజు కుదరక వాయిదా పడిన అఖీఖాను బిడ్డ ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే చేయాలని పెద్దలు తొందరపడతారు. మంగలి కత్తి చెవి వెనక గొట్టం ఉబ్బు మీద నడుస్తుంది. హిందూ ఇళ్ళలో అహోబిలం మొక్కు, పుట్టు వెంట్రుకలు, అదే కత్తి. నిజానికి ఆపరేషన్ ముందు థియేటర్లో తల వెంట్రుకలు తీస్తారు కదా. వాటిని చెత్తబుట్టలో పారేయకుండా ఒక కాగితంలో చుట్టి అమ్మ చేతికిస్తే ఎంత దిల్ నిండుతుంది? ఆ వెంట్రుకల ఎత్తు వెండి సదఖా ఇచ్చుకుంటారు. మొక్కున్నవాళ్ళు దేవుడికి ఇచ్చుకుంటారు. ఖర్చు పైసా లేదు. ఆ కాగితం పొట్లం ఇచ్చిన సిస్టర్ తర్వాత ఏం చెప్పినా ఆ ఇంట్లో అది హుకుం. తావీజ్ తాడు కూడా అంతే. తీసేయమని గొడవ పడక్కర్లేదు, గొట్టం పోయే మెడ చుట్టూ ఒరుసుకోకుండా చేతికి కట్టుకోమంటే చాలు.

ఆపరేషన్‌కు ముందు ఆకలి ముచ్చట కూడా ఇలాంటిదే, ఇంకా నాజూకైనది. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. మామూలు లెక్క ఏమిటంటే తల్లి పాలయితే 4 గంటల ముందు ఆపాలి, డబ్బా పాలూ గట్టి తిండీ అయితే 6 గంటలు, మంచినీళ్ళయితే 2 గంటలు. మన వార్డుల్లో చెప్పేది ఒకటే మాట: "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు." కారణం చెప్పరు, గడియారం చెప్పరు. పొద్దున ఎనిమిదింటికి అన్న ఆపరేషన్ మధ్యాహ్నం రెండుకు పోతుంది. నాలుగు నెలల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే "పసికందుకు రోజా ఏందమ్మా" అని నానీ దుప్పటి చాటున పాలిప్పిస్తుంది. గునాహ్ ఎవరిది? కారణం తెలిసిన నానీ ఆ పని చేయదు. లిస్టు వెనక్కి పోయిందని తెలిసిన వెంటనే "ఇంకా నాలుగు గంటలకు పైగా టైముంది, ఇప్పుడు తల్లి పాలివ్వమ్మా" అని చెప్పే నర్సు ఉంటే ఆ దుప్పటి అవసరమే రాదు.

ఆపరేషన్ తర్వాత చూడాల్సినవి ఎక్కువ లేవు. మొదటి రోజుల్లో బిడ్డను ఏ ఎత్తులో పడుకోబెట్టాలో సర్జన్ చెబుతాడు, ఎందుకంటే నీరు ఒక్కసారిగా జారిపోవడమూ మంచిది కాదు. గొట్టం వేసిన వైపు బరువు పడకుండా తిప్పుతుండాలి. కుట్లు తీసేదాకా తడి తగలకూడదు. మాడు చూడటం నేర్పాలి. బిడ్డ ఏడవకుండా, నిటారుగా ఎత్తుకున్నప్పుడు వేళ్ళతో తాకి చూడాలి. ఉబ్బి గట్టిగా ఉంటే నీరు నిలుస్తోంది, లోతుగా గుంట పడితే ఎక్కువ జారుతోంది. ఆళ్ళగడ్డలో ఉలితో రాయిని తట్టి ఆ చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే శిల్పులున్నారు. అదే ఊరి ఆడబిడ్డ వేలికి మాడు ఉబ్బు తెలియదంటే నేను నమ్మను. రోజూ ఒకే వేళకు ముట్టుకుంటే వారంలో వచ్చేస్తుంది.

రెండోది టేపు. మన ఇళ్ళలో దర్జీ టేపు లేని గల్లీ ఉందా? కనుబొమల పై నుంచి, తల వెనక బాగా ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టి కొలవాలి. పుట్టినప్పుడు దాదాపు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, ఆ తర్వాతి మూడు నెలలు నెలకు 1, అక్కడి నుంచి ఏడాది నిండేదాకా నెలకు అర. షంట్ ఉన్న బిడ్డ తల వారం వారం కొలిచి గోడ క్యాలెండరు మీద రాసుకుంటే, లెక్క తప్పిన రోజు ఆ క్యాలెండరే చెబుతుంది. అంగన్‌వాడీలో బరువు తూస్తారు, తల కొలిచేది ఎక్కడో ఒకచోట. ఆశా అక్కకు ఆ టేపు పని కూడా అప్పజెప్పాలని నా సిఫారసు.

మూడోది, ఏ నిశానీ కనబడితే పరుగెత్తాలో. ఆగని వాంతులు, లేపినా లేవని మత్తు, ఎప్పుడూ లేని సన్నని కీచు ఏడుపు, కిందికి వాలిన కళ్ళు, ఫిట్స్, గొట్టం దారి వెంట ఎరుపు, కుట్ల దగ్గర నీరు కారడం, పొట్ట ఉబ్బరం, ఆపరేషన్ అయిన కొన్ని నెలల్లో వచ్చిన ఏ జ్వరమైనా. మాటలొచ్చిన పిల్లలైతే పొద్దున లేస్తూనే తలనొప్పి అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా ఫరవాలేదు, ఆయన మీద నాకు గుస్సా లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ "వీడి తలలో గొట్టం ఉంది, సూది వద్దు, బండి పిలువు" అని ఆయనకే చెప్పగలిగేంత ఇల్మ్ ఆ అమ్మకు ఇవ్వాలి. తలకు దెబ్బ తగిలి ఆపరేషన్ అయిన పిల్లలకు కూడా ఇందులో సగం నిశానీలు అవే.

జబాన్ సంగతి. మన ప్రాంతంలో కొన్ని ముస్లిం ఇళ్ళలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. దూదేకుల, నూర్‌బాషా ఇళ్ళలో తెలుగే అమ్మ భాష. నఖాబ్ చూసి "ఈమెకు తెలుగు రాదు" అనుకుని ముగించే వార్డులూ ఉన్నాయి, ఉర్దూ తప్ప రాని ముసలమ్మకు గడగడా తెలుగులో చెప్పి తలూపించుకునే వార్డులూ ఉన్నాయి. తల ఊపడం సమజ్ అయినట్టు కాదు. "సిస్టరమ్మా, సరే" అన్నది భయం కూడా కావచ్చు. దీనికి విరుగుడు చాలా సాదా: నర్సు చెప్పి ఊరుకోకుండా, "ఇంటికి పోయినాక మీ అత్తకు ఏం చెబుతావో నాకు చెప్పమ్మా" అని అడగడం. తప్పు చెబితే మళ్ళీ చెప్పడం. అమ్మకొక్కదానికే చెబితే చాలదు. ఇంట్లో హుకుం నడిచేది అత్తదైతే అత్త ముందు చెప్పాలి, గల్ఫ్‌లో ఉన్న అబ్బాను వీడియో కాల్‌లో పెట్టుకుని చెప్పాలి. గాడీ పిలవడానికి డబ్బు ఇజాజత్ ఇచ్చేది ఆయనే కదా.

"రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకుంటుంటే ఇవన్నీ యాడ జరుగుతాయి సార్" అని ఒక నర్సు నన్నే నిలదీసింది. ఆమె మాట హక్. మందులు, సెలైన్లు, కేస్‌షీట్లు, ఆరోగ్యశ్రీ కాగితాలు, వీటన్నిటి మధ్య నిలబడి ఆమె బోధన కూడా చేయాలనడం జుల్మ్. అందుకే దీన్ని ఆమె మంచితనం మీద వదలొద్దంటున్నాను. డిశ్చార్జి వేళ సంతకాలూ ఫోటోలూ ఎలాగూ తీసుకుంటున్నారు. పిల్లల తల ఆపరేషన్ అయితే అందులోనే ఒక గడి పెట్టండి: తల్లికి నేర్పారా, తల్లి తిరిగి చెప్పిందా, నేర్పిన నర్సు ఎవరు. ఆ గడి నిండకుండా ఆసుపత్రికి డబ్బు విడుదల కాకపోతే చూడండి, ఆ పావుగంటకు మనిషి ఎలా దొరుకుతుందో. ఒక కార్డు, నాలుగు బొమ్మలు, తెలుగులో రెండు ముక్కలు, ఉర్దూలో రెండు ముక్కలు, వార్డు ఫోన్ నంబరు. ఆ ఫోన్ రాత్రి కూడా ఎవరో ఒకరు ఎత్తాలి.

నర్సింగ్‌ను మనం ఇంకా తక్కువ చేసి చూస్తున్నాం, ముఖ్యంగా మన ఖౌమ్‌లో. ఆడపిల్ల డాక్టరైతే ఫఖర్, నర్సయితే గుసగుసలు. మదీనాలో మస్జిద్ పక్కన ఖైమా వేసుకుని గాయపడ్డవాళ్ళకు ఖిద్మత్ చేసిన రుఫైదా అల్ అస్లమియా పేరు జల్సాల్లో బాగానే వినిపిస్తుంది. ఖందక్ జంగ్‌లో గాయపడ్డ సాద్ బిన్ ముఆజ్‌ను ఆమె ఖైమాకే పంపారు. తోటి ఆడవాళ్ళకు ఆ పని నేర్పించిందనీ రివాయత్. ఉపన్యాసంలో ఆమెను పొగిడి, ఇంటికొచ్చి "మా అమ్మాయికి నర్సింగ్ సీటా, ఛీ" అనేవాళ్ళను నేనెరుగుదును. దక్కనీ మాట్లాడే నలుగురు ఆడపిల్లలు నంద్యాల వార్డుల్లో ఉంటే నేను పైన రాసిన జబాన్ తకలీఫ్ సగం తీరిపోతుంది.

ఇంకొక మాట, ఇది డిశ్చార్జి రోజు దాదాపు ఎవరూ చెప్పనిది. వెన్నులో లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి తర్వాతి కాన్పులో మళ్ళీ అలా జరిగే ఖత్రా మామూలు కంటే ఎక్కువ. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో, అలాంటి తల్లులు గర్భం రాకముందు నుంచి మొదలుపెట్టి మొదటి మూడు నెలలు రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఆ ఖత్రా 72 శాతం తగ్గింది. ఇక్కడ ముఖ్యమైన ముక్క "గర్భం రాకముందు నుంచి". బిడ్డ వెన్నెముక మూసుకునేది గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే, అంటే నెల తప్పిందని తెలిసే లోపే. మూడో నెలలో కార్డు రాయించుకుని మాత్ర మొదలుపెడితే ఆ పని దాటిపోయింది. అందుకే ఆ మాట చెప్పాల్సింది రెండో కాన్పుకు వచ్చినప్పుడు కాదు, మొదటి బిడ్డను షంట్‌తో ఇంటికి పంపే రోజున. మోతాదు డాక్టరు రాస్తారు. మాత్ర ఖరీదు ఒక చాయ్ కన్నా తక్కువ.